ఎర్ర పిడి రంపం

ప్రతి శుక్రవారం వెర్లిన్ స్టోక్స్ కోర్టు కిటికీ ముందు టోపీ తీసి, నాలుగు మడతల్లో ఉన్న నలభై డాలర్లను అరచేత్తో సాపు చేసి లోపలికి తోస్తాడు. రసీదును పొగాకు డబ్బాలో దాచుకుంటాడు. ఒక్క వారం తప్పినా జైలే. అతను దొంగిలించింది ఒక్క గడ్డికోత యంత్రం. ఆ నేరం ఒప్పుకుంటే తన మీద పెట్టిన మిగతా రెండు దొంగతనం కేసులూ కొట్టేస్తామన్నారు, కొట్టేశారు. నష్టం మాత్రం మూడింటికీ కట్టేలా సంతకం పెట్టించుకున్నారు. రెండు బాకీలు తీరాయి. మిగిలింది మిసెస్ క్రమ్ మోటారు రంపం, ఎర్ర పిడి మీద చనిపోయిన ఆమె భర్త పేరు చెక్కినది. దాన్ని తాను ముట్టుకోలేదని వెర్లిన్ ఇప్పటికీ అంటాడు.

అక్టోబరులో కట్టెలు కోయడానికి ఆవిడే పిలిచింది. షెడ్డులోంచి రంపం తెచ్చి చేతికిచ్చింది. ఎర్ర పిడి. వెర్లిన్ దాని మీది పేరును బొటనవేలితో తడిమాడు.

"ఇది పోయిందన్నారు కదా మేడమ్?"

"మా అల్లుడింట్లో ఉందిలే. జాగ్రత్త, ఖరీదైంది."

"మరి కోర్టుకి చెప్తారా?"

"చెప్తే నీకు పనిచ్చేదెవరు? అయినా సంతకం పెట్టింది నువ్వేగా!"

సాయంత్రం దాకా కోశాడు. ఆవిడ నలభై ఇచ్చింది. శుక్రవారం అదే నలభై కిటికీలోకి తోశాడు. అది చెక్కుగా మారి ఆవిడకే వెళ్తుంది. ఇంకా మూడు వందల పది బాకీ.