విరిగిన దేవుళ్ళ హాల్లో మా అవ్వ

తెల్లవారుజామున ఐదుంబావుకి ఉదయగిరిలో బస్సెక్కి, మా అవ్వ కొబ్బరికాయల సంచి నా ఒళ్ళో పెట్టింది. ఆ రోజుల్లో నాకు దేవుడు లేడన్న సంగతి ఒక్కటే గట్టిగా తెలుసు. మిగతా విషయాల్లో అంత నమ్మకంగా ఉండేదాన్ని కాదు. అలాంటి నేను గుడి శిల్పాల గురించి పైచదువు చదువుతానంటే ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మా ఇంట్లో ఫీజు కట్టేది నాయన, కట్టమని చెప్పేది అవ్వ. "దేవుడే లేడనేదానికి దేవుడి బొమ్మలతో పనేంది మే? ఒకసారి చూపించు, చూసినాక చెప్తా" అంది. అందుకే చెన్నైలో పేరుమోసిన ఆ మ్యూజియానికి బయల్దేరాం. ఆత్మకూరులో ఎక్కి పక్కన కూర్చున్నావిడకి అవ్వ నన్ను పరిచయం చేసింది: "మా మనవరాలు. దేవుడి చదువు చదవతాదంట."

"దేవుడి చదువు కాదవ్వా, శిల్పాల చదువు."

"అదేలే. దేవుణ్ణి మాత్రం నమ్మదు."

ఆవిడ నావైపు జాలిగా చూసి, "మా పిల్లోడూ అంతేమ్మా. కరెంటు ఇంజనీరింగు చదివినాడు, ఇంట్లో ఫ్యూజు పోతే ముట్టుకోడు" అంది.

మ్యూజియం వాకిట్లో అవ్వ చెప్పులు విప్పింది. గార్డు (తెలుగువాడే, మా అదృష్టం) "గుడి కాదు పెద్దమ్మా, వేసుకోండి" అన్నాడు. "నీకు ఆఫీసు నాయనా, నాకు గుడే" అని అవ్వ ఉత్తకాళ్ళతోనే లోపలికి నడిచింది. కొబ్బరికాయలు మాత్రం కౌంటర్లో ఉంచుకుని టోకెను ఇచ్చారు. రాతి విగ్రహాల హాల్లో నేను బట్టీపట్టిన ఉపన్యాసం మొదలుపెట్టాను: నడుము వంపు, బట్ట మడతలు, ఏ రాజుల కాలం. అవ్వ చేతులు జోడించబోయి మధ్యలో ఆగింది.

"చెయ్యేది మే ఈయనకి?"

"విరిగిపోయిందవ్వా."

"ముక్కు?"

"అదీ పోయింది. కానీ ఆ నిలబడ్డ తీరు చూడు..."

"తీరు సరే. ఆ పక్కనాయనకి తలకాయే లేదు గదా!" అవ్వ చేతులు కొంగులోకి లాక్కుంది. "ఇరిగిన దేవుడికి దణ్ణం పెట్టకూడదు. ఇంట్లో పటానికి అద్దం పగిలితేనే ఉంచం."

నా చదువు అక్కడితో అయిపోయిందనుకున్నాను. (ఈ చిక్కు గురించి పుస్తకాల్లో ఎవరూ రాయలేదు.) అవ్వ బల్ల మీద కూలబడింది. అంతలో నుదుట పెద్ద పెద్ద బొట్లతో ఒక కుటుంబం వచ్చింది. పెద్దాయన గుమ్మంలోంచే హాలంతా చూసి, "అన్నీ విరిగినవే. బాగున్నవి ఎక్కడ?" అని అడిగాడు. గార్డు మేడ చూపించాడు. అందరూ చెంపలు వేసుకుని పైకెక్కారు. ఆ విగ్రహాల మొహం ఒక్కరూ చూడలేదు (మొహాలున్న వాటివి కూడా). వాళ్ళు వెళ్ళిన వైపే కాసేపు చూసి, అవ్వ "ఇట్టా రా మే" అంది.

"దణ్ణం పెట్టేవాళ్ళం మేము ఈళ్ళ కాడ నిలబడం. మరి ఈళ్ళని ఎవురు చూసుకుంటారు? నువ్వెటూ దణ్ణం పెట్టవు, నీకు పట్టింపు లేదు. మీ నాయనతో నేను చెప్తా. చదువుకో పో."

శిల్పకళ గొప్పదనం మీద నేను దాచుకున్న వాదనలన్నీ అలాగే మిగిలిపోయాయి. నమ్మకం లేకపోవడమే నాకు అర్హత అయింది. తిరుగు బస్సులో మాత్రం గెలిచింది నేనే అనుకున్నాను.

చదువు పూర్తయ్యాక అలాంటి మ్యూజియంలోనే ఉద్యోగం దొరికింది. అవ్వ ఆదివారాలు ఫోన్ చేసేది. ముందు నేను తిన్నానా అని, తర్వాత "మీవాళ్ళంతా ఎట్టుండారు మే? దుమ్ము తుడస్తుండావా?" అని. దుమ్ము తుడవడం నా పని కాదని మొదట్లో వివరించేదాన్ని. తర్వాత్తర్వాత "తుడుస్తున్నానవ్వా" అనడం నేర్చుకున్నాను. ఈ వేసవిలో అవ్వ చనిపోయింది. ఇప్పుడు ఆ దేవుళ్ళ క్షేమం అడుగుతూ ఎవరూ ఫోన్ చెయ్యడం లేదు.