స్టాన్లీ గారి ఇంటిపేరు

వాన్ అనే ఊళ్ళో, ఇప్పుడు నేను పనిచేసే వేర్‌హౌస్ పక్క షెడ్డులో ఎవరో పాత బల్లకు పాలిష్ పెడుతుంటే ఆ ఘాటుకు నేను చేసిన గొప్ప బేరం గుర్తొచ్చింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇచ్చేసి, దాని అర్థం కూడా అడక్కుండా ఇంకో పేరు తెచ్చుకున్న ఘనుణ్ణి నేను. వంకాయను కూడా తిప్పి చూడకుండా కొనని కిరాణా కొట్టు వంశం మాది.

ఈ దేశానికి కొత్తగా వచ్చి, సార్నియా అనే ఊళ్ళో కాలేజీలో చదివే రోజులవి. రాళ్ళపాటి సాయికిరణ్ అని ఎన్నిచోట్ల అప్లై చేసినా ఫోన్ రాలేదు. చెవికి దర్జాగా ఉందని రెజ్యుమేలో స్టాన్లీ అని పెట్టాను. పాత ఫర్నిచర్ అమ్మే కొట్టు నుంచి వెంటనే పిలుపొచ్చింది. యజమాని పెద్దాయన. చెయ్యి కలుపుతూ, "స్టాన్లీ నా ఇంటిపేరు. నీకు మొదటి పేరన్నమాట" అన్నాడు. అవునన్నట్టు నవ్వి తలూపాను. ఆ పని లేకపోతే చదువు మధ్యలో ఆపి ఇంటికి పోవలసిందే.

ఒక శనివారం నేను సోఫా జరుపుతుంటే, "స్టాన్లీ" అని పిలిచాడు. నేను పలకలేదు. మళ్ళీ పిలిచాడు. చివరికి దగ్గరికొచ్చి, "అది నీ పేరు కాదు కదా" అన్నాడు. పని పోయిందనుకున్నాను.

"కాదు సర్. సాయికిరణ్. ఇంటిపేరు రాళ్ళపాటి."

"అంటే?"

"రాళ్ళపాడు మా తాతల ఊరు. రాళ్ళున్న ఊరని. మాలో ఊరి పేరే ఇంటిపేరవుతుంది, ముందు అదే చెబుతాం."

ఆయన ఆ సోఫాలోనే కూలబడ్డాడు. "స్టాన్లీ కూడా ఇంగ్లండ్‌లో ఊరేనయ్యా. రాళ్ళ బయలు అని అర్థం. అక్కణ్ణించి వచ్చినవాళ్ళకు ఇంటిపేరైంది. తర్వాతెవరో పిల్లలకు మొదటి పేరుగా పెట్టుకున్నారు. ఇంట్లో ఉన్న సరుకే బయట కొన్నావు. పైగా కొట్టువాళ్ళ బిడ్డనంటావు."

"రేపు రావాలా సర్?"

"రాకపోతే ఇది ఎవరు మోస్తారు? నీ పేరుతో రా. నాకు నెమ్మదిగా నేర్పు."

ఆ సాయంత్రం చలిలో ఇంటిదాకా నడిచాను. అంత తేలిగ్గా ఎన్నడూ నడవలేదు. ఆ తర్వాత కొనడానికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆయన, "ఇతను రాళ్ళపాటి. మా ఊరివాడే, వేరే దేశంలో" అని పరిచయం చేసేవాడు. ళకారం మాత్రం ఆయనకు చివరిదాకా లొంగలేదు.

ఇప్పుడు ఎక్కడైనా పేరు మొత్తం చెబుతాను, ఇంటిపేరు ముందు. నికరం చూస్తే లాభమే. కానీ తలుపు తెరిచింది ఆ అరువు పేరే. నా రెజ్యుమే అసలు పేరుతో వెళ్ళి ఉంటే నన్ను పిలిచేవాడా అని ఆయన్ని ఒక్కసారీ అడగలేదు. నష్టం తేలుతుందేమోనని భయం.