ఆకులొచ్చాక

మా ఆయన మున్సిపల్ ఆఫీసులో వైఫై ప్లాన్లు గీస్తారు. ఈ ముక్క చెప్పగానే పక్కింటావిడ, "అయితే మా టీవీ ఓసారి చూసిపెట్టమనవా?" అంది. నా తలకాయ! ఊరి నడిబొడ్డున, గడియారం స్తంభం చుట్టూ ఉన్న వీధుల్లో జనానికి ఆరుబయట వైఫై ఇవ్వాలని పైవాళ్ళు అనుకున్నారు. ఏ దీపస్తంభానికి డబ్బా తగిలించాలి, సిగ్నల్ ఎంతదాకా పోతుంది, ఏ గోడ దగ్గర చచ్చిపోతుంది, అవన్నీ తేల్చడం ఈయన పని. మెళ్ళో పట్టీకి లాప్‌టాప్, చేతిలో కర్రకి కట్టిన యాంటెన్నా. ఈ వాలకం చూసి ఎవరో ఒకావిడ దెయ్యాలు పట్టేవాడనుకుని తలుపేసుకుందట. ఇంటికొచ్చి చెప్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

మామూలుగా ఆఫీసు పనంటే ఆఫీసులోనే వదిలేసొచ్చే మనిషి. ఈ ఒక్క పని మాత్రం నెత్తికెత్తుకున్నారు. కారణం మా ఆడపడుచు.

ఆయన చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు, మాటా రాదు. ఆ గడియారం వీధిలోనే చెట్ల కింద చిన్న బడ్డీ పెట్టుకుని జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం చేస్తుంది. ఆమె భర్తదీ అదే పరిస్థితి. వరసకి నాకు అన్నయ్య అవుతాడు. ఎక్కడో దూరాన కాగితం మిల్లులో పని, సెలవు దొరికితే గొప్ప. మధ్యాహ్నం భోజనాల వేళే అతనికి తీరిక. ఇద్దరూ మాట్లాడుకునేది చేతులతో. ఆ వీధి రెండు వైపులా రాతి మేడలు, ఫోన్‌కి రెండు గీతలొస్తే ఎక్కువ. నోటితో మాట్లాడేవాళ్ళకి ఆ రెండు గీతలు చాలు. చేతులతో మాట్లాడేవాళ్ళకి బొమ్మ కదలాలి కదా. మెసేజులు పెట్టుకోవచ్చుగా అని ఉచిత సలహాలిచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. మీరు మీ ఆయనతో రోజూ చీటీలు రాసుకుని కాపురం చేస్తారా తల్లీ అని అడుగుతాను నేను.

అన్నిటికీ మించి వాళ్ళకో మూడేళ్ళ పిల్ల. దానికి చెవులు బంగారంలా వినిపిస్తాయి. నాతో నోరు, వాళ్ళమ్మతో చేతులు, రెండూ గడగడా ఆడిస్తుంది. తండ్రి మిల్లుకి వెళ్ళినప్పుడు అది చంటిది. ఇప్పుడు దానికి తండ్రంటే, సిగ్నల్ కుదిరినప్పుడు ఫోన్‌లో కదిలే బొమ్మే. ఆ బొమ్మ కదలకపోతే దానికి తండ్రి లేనట్టే.

వాళ్ళల్లో ప్రతి మనిషికీ చేత్తో ఒక పేరుంటుంది. మా ఆయన పేరు కళ్ళజోడు పైకి తోసుకోవడం. నా పేరు నోటి దగ్గర వేళ్ళు టపటపా కొట్టుకోవడం, అంటే వాగుడుకాయ అని. పోనీలెండి, అబద్ధమేం కాదు. ఆ అన్నయ్యకి బుగ్గన సొట్ట పడుతుంది, అందుకని బుగ్గ మీద వేలు పెడితే అతని పేరు.

మా ఆయన ఆ బడ్డీ ఎదురుగా ఉన్న స్తంభానికి ప్లాన్‌లో ఒక డబ్బా రాసుకున్నారు. స్వార్థమే, ఉండనివ్వండి. చలిగాలుల్లో, వానల్లేని రోజులు చూసుకుని వీధి వీధీ కొలిచారు. మ్యాపంతా పచ్చరంగు. పచ్చగా ఉంటే సిగ్నల్ బాగున్నట్టట. డబ్బాలు తగిలించిన మొదటి మధ్యాహ్నం మా ఆడపడుచు ఫోన్‌లో భర్త చేతులు గలగలా కదిలాయి. బుగ్గన సొట్ట కూడా కనిపించింది. పిల్ల ఎగిరి గంతేసి, తనకొచ్చిన కబుర్లన్నీ చేతులతో చెప్పేసింది. ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి కళ్ళు తుడుచుకుంటుంటే, "ఏడవడానికి కూడా మీకు ఫుల్ సిగ్నల్ వచ్చిందే" అన్నాను.

తర్వాత చెట్లు చిగుర్లు వేశాయి.

జనమంతా అబ్బ ఎంత బాగుందో అని ఫోటోలు తీసుకుంటుంటే, ఈయన ఒక్కరే తల పైకెత్తి, గుండెల్లో రాయి పడ్డట్టు నిలబడ్డారు. కొలిచినప్పుడు అవి మోడు కొమ్మలు. ఆకుల్లో నీళ్ళుంటాయి, ఆ నీళ్ళు సిగ్నల్‌ని మింగేస్తాయి. కొత్త ఆకులు వచ్చేకొద్దీ ఫోన్‌లో బొమ్మ మొదట మసకబారింది, తర్వాత తడబడింది, తర్వాత ఆగి ఆగి నడిచింది.

"చెట్టుకి ఆకులొస్తాయని మర్చిపోయారా?" అన్నాను, ఒళ్ళుమండి. "ఆఫీసు మొత్తం మర్చిపోయిందా, మీరొక్కరేనా?"

"నేనే. ప్లాన్ నాది," అన్నారు.

పెద్దసారు దగ్గరికెళ్ళారు. డబ్బా రెండు స్తంభాల అవతలికి మార్చాలంటే మళ్ళీ కరెంటువాళ్ళ అనుమతి, పాత మేడల కమిటీ అనుమతి కావాలి. "ప్రారంభోత్సవం అయిపోయిందయ్యా. నీ మ్యాపే పచ్చగా ఉంది, నేనెవరికి చెప్పుకోను? చలికాలంలో చూద్దాంలే," అన్నాడాయన. అప్పటికి ఆకులే రాలిపోతాయి సార్ అంటే, "చూశావా, అదే సర్దుకుంటుంది!" అన్నాడట. వింటుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పోనీ కొమ్మలు కొట్టిద్దామని తోటలవాళ్ళని అడిగితే, "మీ డబ్బా మొన్నొచ్చింది. ఈ చెట్టు నేను పుట్టకముందు నుంచీ ఉంది. దాని జోలికొస్తే ఊరుకోను," అన్నాడు అక్కడి మేస్త్రీ. అతని మీద కోపం కూడా రాలేదు. మా ఆడపడుచు బడ్డీ నిలబడింది ఆ నీడలోనే మరి. పోనీ తనే అవతలి వీధికి నడుద్దామంటే బేరాలొచ్చేది సరిగ్గా ఆ వేళకే.

నిన్న మధ్యాహ్నం నేనూ ఆయనా బడ్డీకి వెళ్ళాం. ఫోన్‌లో ఆ అన్నయ్య ఉన్నాడు. ఏదో చెప్పబోతూ చెయ్యి గుండె దాకా ఎత్తాడు, అక్కడే ఆగిపోయాడు. మధ్యలో చక్రం తిరుగుతోంది. మా ఆడపడుచు తన చేతులు ఒళ్ళో పెట్టుకుని, అతను మాట పూర్తిచేస్తాడేమోనని కళ్ళార్పకుండా చూస్తోంది. ఈయన ఇంకో ఫోన్ పైకెత్తి పట్టుకుని స్తంభం చుట్టూ తిరిగారు. ఎక్కడ నిలబడ్డా అంతే. "ఎంత చల్లగా ఉందో ఇక్కడ!" అనుకుంటూ ఎవరో పక్కనుంచి వెళ్ళారు. కాసేపటికి ఫోన్ దానంతటదే కట్టయింది.

పిల్లని ఒళ్ళోకి లాక్కుని, మాట మార్చుదామని, "మీ నాన్న పేరేంటో చూపించవే," అన్నాను.

అది బుగ్గ మీద వేలు పెట్టలేదు. కుడిచెయ్యి గుండె దాకా ఎత్తి, అరచెయ్యి సగం తెరిచి, బిగబట్టుకుని కూర్చుంది.

మా ఆడపడుచు చూసింది. గబగబా వచ్చి పిల్ల వేలు పట్టుకుని తన బుగ్గకి ఆనించింది. ఇదీ నాన్న, ఇదీ అని. పిల్ల తల అడ్డంగా ఊపి, మళ్ళీ చెయ్యి గాల్లో నిలబెట్టింది. ఈయన కళ్ళజోడు తీసి తుడుస్తూ అటు తిరిగిపోయారు.

"చెయ్యి దించవే బంగారం, నొప్పెడుతుంది," అన్నాను.

"నాన్న దించలేదు కదా," అంది.