వచ్చినప్పుడు చెప్పు

అతన్ని అందరూ బీరువా అంటారు. మనిషి బీరువాలాగే ఉంటాడేమో అనుకుంటే పొరపాటు; గాలి గట్టిగా వీస్తే పట్టుకోవాల్సినంత బక్కప్రాణి. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఎంత ఇరుకు మెట్ల మీదనుంచైనా, గోడకు గీత పడకుండా బీరువాను దించుతాడు. ఆ పేరు పెట్టింది అతని భార్య. ఆవిడ పెట్టిన పేర్లు ఊరికే పోవు, అతుక్కుంటాయి.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. కిందివైపు పట్టుకున్నవాడు వెనక్కి నడుస్తూ దిగుతాడు. వాడికి కాళ్ళ కింద ఏముందో కనిపించదు. పైవాడు చూసి "మెట్టు" అంటాడు. కిందివాడు కాలు ఆనించి "ఉన్నా" అంటాడు. ఆ మాట చెవిన పడకుండా పైవాడు అంగుళం కూడా కదలకూడదు. ఈ అలవాటును బీరువా ఇంటిదాకా తెచ్చాడు. సాయంత్రం చెప్పులు విడుస్తూ గుమ్మంలోంచి "మెట్టూ" అని కేకేసేవాడు. లోపలినుంచి ఆవిడ "ఉన్నా" అనేది. పదిహేడేళ్ళు అలా గడిచాయి. వీళ్ళిద్దరికీ కాస్త తిక్క అని పక్కింటివాళ్ళ అభిప్రాయం. అందులో అబద్ధమేమీ లేదు.

ఆవిడ పార్సిళ్ళ ఆఫీసులో చిరునామాలు సరిచూసేది. మధ్యాహ్నం భోజనం పది నిమిషాల్లో ముగించి, మిగతా సమయమంతా ఫోన్లో వింతల వేటలో పడేది. రాబోయే సినిమాలు, రాబోయే ఆటలు, ఎవరికీ పనికిరాని విశేషాలు. ఏరి తెచ్చినవన్నీ అన్నంతోపాటు అతనికి వడ్డించేది.

"ఈ రాజుల సినిమా ట్రైలర్ చూడు. వెనకాల నిలబడ్డ భటుడికి చేతి వాచీ! యుద్ధానికి టైముకి రావాలిగా పాపం."

ఇంకోరోజు ఒక ఫోన్ ఆట. "యుద్ధం అయిపోయాక కోటంతా ఊడవాలట. కత్తి ఇవ్వరు, చీపురిస్తారు. నాలాంటిదెవరో కనిపెట్టుంటుంది."

అతనికి నవ్వుతో పొలమారేది. ఆవిడ నెత్తిమీద తట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ నవ్వించేది. నచ్చిన ప్రతిదాని కిందా 'వచ్చినప్పుడు చెప్పు' అనే మీట ఉండేది. అది నొక్కిపెట్టుకోవడం ఆవిడకు సరదా. అలా పదకొండు పోగుచేసింది.

పదకొండోది చూపించిన రోజు చేతులు కూడా కడుక్కోనివ్వలేదు.

"ఇది నీకోసమే. ఇద్దరు కలిసి ఒక బీరువాని తొమ్మిది అంతస్తులు దించాలి. ఇద్దరుంటేనే మొదలవుతుందట."

"పొద్దస్తమానం మోసొచ్చి, ఇంట్లో మళ్ళీ ఫోన్లో బీరువా మొయ్యాలా? బుర్ర ఉందా నీకు?"

"అందుకే. ఒక్కసారన్నా అవతలివైపు నేను పట్టుకుంటా. ఆడతావా, లేదా?"

"ముందు రానీ, చూద్దాం."

అతని ఫోన్ లాక్కుని, అడక్కుండానే అందులోనూ పేరు నమోదు చేసింది. అతనికి 'బీరువా', తనకు 'బీరువా పెళ్ళాం'.

ఆ నెలాఖరున ఆవిడకు జ్వరమొచ్చింది. నాలుగో రోజుకు మనిషి లేదు. నలభై ఒక్క ఏళ్ళు. ఏ డాక్టరూ అతనికి అర్థమయ్యేలా చెప్పలేదు. అర్థమైతే మాత్రం ఏం ఒరుగుతుంది?

మూడు వారాల తర్వాత, అలమరలో ఛార్జరుకే వదిలేసిన ఆవిడ ఫోన్ టింగుమంది. 'మీరు ఎదురుచూస్తున్న సినిమా వచ్చేసింది!' వాచీ భటుడి సినిమా. బీరువా మర్నాడు పని మానేసి మొదటి ఆటకు వెళ్ళాడు. కథ ఏమిటో పట్టించుకోలేదు, భటుడి కోసమే కళ్ళు కాయలు కాసేలా చూశాడు. చివరికి భటుడు వచ్చాడు. చేతికి వాచీ లేదు. ఎవరో చూసి చెరిపేసినట్టున్నారు. ఈ సంగతి చెబుదామని గబగబా ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూ గుమ్మంలో ఆగిపోయాడు. ఆ రోజు ఏడ్చినట్టు అతను ఆవిడ పోయిన రోజు కూడా ఏడవలేదు.

అప్పటినుంచి ఆ ఫోన్‌కు ఛార్జింగ్ తగ్గనివ్వలేదు. అది టింగుమన్నప్పుడల్లా ఆవిడ పిలిచినట్టే ఉండేది. చీపురు ఆట వచ్చింది, కోటంతా ఊడ్చాడు. ఒక్కొక్కటే వచ్చి ఏడాదిలో పది అయిపోయాయి. పదకొండోది మాత్రం రెండుసార్లు వాయిదా పడింది. ఆ ప్రకటన కింద కామెంట్లలో జనం తయారుచేసినవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టిపోశారు. వాళ్ళు చల్లగా ఉండాలని కోరుకున్నవాడు బీరువా ఒక్కడే. అది వచ్చేస్తే, ఆ ఫోన్ ఇంకెప్పుడూ ఆవిడ కోసం మోగదు.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"ఆ ఫోన్ ఇంకా ఎందుకురా తమ్ముడూ, తీసేయ్. ఒక్కడివే ఎన్నాళ్ళుంటావు? ఎవరినన్నా చూడమంటావా?"

"ఇంకొక్కటి మిగిలుందక్కా. అది రానీ."

అక్కకు ఏమీ అర్థం కాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, బట్టలు ఆరేస్తుంటే, వచ్చేసింది. తడిచేతులు చొక్కాకు తుడుచుకుని, రెండు ఫోన్లూ భోజనాల బల్ల మీద పెట్టాడు. తనది తన ముందు, ఆవిడది ఆవిడ కుర్చీ ముందు. రెండింట్లోనూ ఆట తెరిచాడు. తెర మీద మెట్లు, మెట్ల మీద బీరువా, దానికి అటొకరు ఇటొకరు బొమ్మ మనుషులు. ఆడమనిషి బొమ్మ కిందివైపు పట్టుకుని ఉంది. అతని తెర మీద ఒక వరుస వెలిగింది:

'రెండో మనిషి: బీరువా పెళ్ళాం. ఉన్నారు.'

ఆ చివరి మాటనే చాలాసేపు చూశాడు.

"మెట్టు," అన్నాడు.

'మొదలుపెట్టు' మీట వేలి కిందే ఉంది. నొక్కలేదు. అవతల పట్టుకునే చెయ్యి లేకపోతే ఏమవుతుందో ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నవాడికి ఒకరు చెప్పాలా? అలాగే కూర్చున్నాడు. ఎవరూ ముట్టుకోక ఆవిడ ఫోన్ తెర మసకబారి, తనంతట తానే ఆరిపోయింది. కాసేపటికి అతని ఫోన్లో ఇంకో వరుస వచ్చింది.

'మీ జోడీ వెళ్ళిపోయారు. మరొకరిని చూడమంటారా?'

కింద రెండు మీటలు, అవును, వద్దు అని. అతను 'వద్దు' నొక్కాడు. తర్వాత ఆరిపోయిన ఫోన్ వైపు వంగి, ఆవిడ అడిగిన రోజు అనాల్సిన మాట అన్నాడు.

"ఆడతానే. ఆడతాను."