పెద్ద పంతులమ్మ ఊపిన ఉయ్యాల

మా పెద్ద పంతులమ్మ సమావేశం మొదలయ్యే ముందు నోట్లో ఆకు, వక్క పెట్టుకునేది. అది నమలడం అయ్యేదాకా ఆమె మాట్లాడదు. మేమే మాట్లాడాలి, అదీ అందరికంటే కొత్తగా చేరినవాళ్లు ముందు. జనగామ ఆడపిల్లల బడిలో చేరిన కొత్తలో నాకిది వింతగా ఉండేది. హైదరాబాదులో కాలేజీ చదివాను కానీ, పెద్దవాళ్లు నోరు మూసుకొని చిన్నవాళ్ల మాట వినడం అక్కడెక్కడా చూడలేదు. ఆమెకు ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఉపాయం ఎవరిదైతే ఆ పనికి వాళ్లే పెద్ద. ఆమె సైతం వాళ్ల చేతికిందే పనిచేసేది.

అప్పటికి నిజాం రాజ్యం పోయింది, రైతుల సాయుధ పోరాటం మాత్రం ఆగలేదు. ఊరి బయట మిలిటరీ క్యాంపు ఉండేది. రఘునాథపల్లి వైపు పల్లెల్లోనూ, మా చుట్టుపక్కల వాడల్లోనూ మగవాళ్లు కొందరు అడవుల్లో, కొందరు జైళ్లలో. పొలం, కూలి, ఇల్లు అన్నీ ఆడవాళ్ల మీదే పడ్డాయి. తల్లి కూలికి పోతే చంటిపిల్లను ఎత్తుకోవడానికి పెద్దపిల్ల బడి మానేసేది. తరగతులు ఖాళీ అవుతూ వచ్చాయి. పిల్లలు రాని బడి ఎందుకు, తనిఖీ అధికారి వచ్చి చూశాక మూసేస్తాం అని పైనుంచి కబురు వచ్చింది.

ఆ సంగతి మీద సమావేశం పెట్టినప్పుడు ముందుగా మాట్లాడాల్సింది నేనే. నా బిడ్డ అప్పుడప్పుడే కూర్చోవడం నేర్చింది. పొద్దున దాన్ని అత్తమ్మ చేతికిచ్చి వచ్చేదాన్ని, కానీ ఏడుస్తోందేమో, ఒళ్లు కాలుతోందేమో అని ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉండేది. అది పెద్దదైన ఇప్పుడు కూడా, ఇది రాస్తూ మధ్య మధ్య లేచి నిద్రపోతున్న దాని నుదురు తాకి చూస్తున్నాను. ఆ గుబుల్లోనే ఉపాయం తట్టింది. చెల్లెళ్లను, తమ్ముళ్లను బడికే తెచ్చుకోమందాం, వరండాలో చీరలతో ఉయ్యాలలు కడదాం అన్నాను.

లెక్కల పంతులమ్మ నవ్వింది. "గిది బడా, అంగడా చెల్లె? రేపు మేకపిల్లలను గూడ తెమ్మంటవా ఏంది?"

పెద్ద పంతులమ్మ బయటికి వెళ్లి ఆకు ఉమ్మేసి వచ్చి కూర్చుంది. "మంచిగున్నది. గట్లయితే దీనికి నువ్వే పెద్ద. నాకేం పని జెప్తవో జెప్పు."

ఆమెకు పని చెప్పడానికి నోరు రాలేదు. చివరికి, మధ్యాహ్నం పూట ఉయ్యాలలు ఊపమన్నాను. సరేనంది.

ఇల్లిల్లూ తిరిగి తల్లులకు చెప్పాం. ఒక అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, నీ బిడ్డను గూడ గాడనే పండవెడ్తవా అని అడిగింది. మర్నాడు అత్తమ్మ వద్దంటున్నా నా బిడ్డను చంకనేసుకొని వెళ్లాను.

మొదట్లో అంతా గందరగోళమే. ఒకరు ఏడిస్తే అందరూ అందుకునేవాళ్లు, పాఠం ఒక్క ముక్క వినబడేది కాదు. మానేద్దామని నేనే అన్నాను. పెద్ద పంతులమ్మ కోప్పడలేదు, పనిని తన చేతుల్లోకి తీసుకోనూ లేదు. రేపు ఏం మారుద్దామో అది చెప్పమంది. ఉయ్యాలలను పెరటి వైపు వరండాకు మార్చాను. పెద్దపిల్లలను వంతులవారీగా అక్కడ కూర్చోబెట్టాను. అప్పుడు లెక్కల పంతులమ్మే, ఎవరూ అడగకుండా, తన తరగతిని ఆ వరండాలోకి తెచ్చి ఎక్కాలను జోలపాట వరసలో పాడించడం మొదలుపెట్టింది. చంటివాళ్లు నిద్రపోయేవాళ్లు, పెద్దపిల్లలకు ఎక్కాలు వచ్చేవి. మానేసిన పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు.

తనిఖీ అధికారి ఒక మధ్యాహ్నం వచ్చాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. ఉయ్యాల ఊపుతున్న పెద్ద పంతులమ్మను చూసి ఆయా అనుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ గారు ఎక్కడమ్మా అని అడిగాడు.

"నేనే సార్. జర మెల్లగ మాట్లాడుండ్రి, ఇప్పుడే పండుకున్నరు."

ఈ ఉయ్యాలలేమిటని ఆయన గట్టిగానే అడిగాడు. ఆమె నన్ను చూపించి, దీనికి పెద్ద ఆమె, ఆమెనే అడుగుండ్రి అంది. ఆయన మళ్లీ ఆమె వైపే తిరిగాడు. ఆమె ఉయ్యాల తాడు లాగుతూనే ఉంది. ఇక నేనే చెప్పాను. ఏ పిల్ల ఎందుకు మానేసిందో, ఎట్లా తిరిగి వచ్చిందో చెప్పాను. చివరి ఉయ్యాలలో ఉన్నది నా బిడ్డే అని కూడా చెప్పాను. ఆయన ఒక పెద్దపిల్లను నిలబెట్టి పదమూడో ఎక్కం అడిగాడు. ఆ పిల్ల ఒళ్లు ఊపుతూ జోల వరసలో చివరిదాకా చెప్పింది. ఆయనకు నవ్వు ఆగలేదు.

బడి మూయాల్సిన పని లేదని రాస్తానన్నాడు. ఉయ్యాలల సంగతి మాత్రం రాయనన్నాడు, పైవాళ్లు నవ్వుతారట.

"గది గూడ రాయుండ్రి సార్," అంది పెద్ద పంతులమ్మ. "ఎవరి ఉపాయమో గూడ రాయుండ్రి."

ఆయన కలం తీసి నా పేరు అడిగాడు. ఇంటిపేరుతో సహా చెప్పాను.