డబ్బా వైపు తిరిగిన ఫ్యాను

గోరంట్లలో పెళ్లి వీడియోలు తీసే మా మామ గత వారం పోయాడు. ఉదయం కంప్యూటర్ ముందు మిక్సింగ్ చేస్తూ కుర్చీలోనే తల వాల్చాడట. ఫోన్లో కబురు విని నేను మొదట అడిగిన మాట, "కూర్చున్నాడా?" అని. మామ కుదురుగా కూర్చుని టీ కూడా తాగేవాడు కాదు. గ్లాసు పట్టుకుని వీధంతా తిరిగేవాడు. చివరి గుక్క ఎవరి అరుగు మీద తాగాడో గ్లాసు దొరికితేగాని తెలిసేది కాదు.

ఆ తొందరకు కారణం ఉంది. ఒకప్పుడు క్యాసెట్లను మిక్సింగ్ కోసం బెంగళూరు పంపేవాడు. అవి తిరిగొచ్చేసరికి పెళ్లికూతురు చంకలో బిడ్డతో షాపుకొచ్చేది. "ఈ బిడ్డ పెండ్లి లోపలన్నా ఇస్తావా అన్నా?" అని ఒకామె అడిగిన రోజు మామ అన్నం ముట్టలేదు. ఎదురు స్టూడియోకు కంప్యూటర్ రాగానే గిరాకీ అటు మళ్లింది. మామ కూడా కొనకపోతే షాపు మూతే.

కంప్యూటర్ చదువుతున్న పాపానికి నన్ను అనంతపురం లాక్కుపోయాడు. ప్రాసెసర్, ర్యామ్, పెద్ద హార్డ్ డిస్క్, మంచి మానిటర్ అంటూ నేను చెప్పినవన్నీ కొంటే కెమెరా అమ్ముకోవాలి. ఏదో ఒకటి తగ్గించుకోవాలి. మామ ఒక పెళ్లికూతురి ఫోటో సీడీలో తెచ్చి ప్రతి మానిటర్ మీదా వేయించాడు. "పసుపు పూసుకున్నట్ల ఉండాలప్పా, కామెర్లొచ్చినట్ల కాదు."

ఇక బేరం. భుజం మీది తువ్వాలు తీసి షాపతని చేతి మీద కప్పి, ఎద్దుల సంతలో మాదిరి దాని కింద వేళ్లు పట్టుకున్నాడు.

"ఏందన్నా, జాతకం చూస్తాండావా?"

"ధర చెప్తాండా. నోటితో అంటే పక్కనోళ్లు వింటారు."

పక్కన ఉన్నది నేనొక్కడినే. షాపతను చెయ్యి విడిపించుకుని, తగ్గాలంటే ఇవన్నీ బిగించే డబ్బా, అదే క్యాబినెట్, పాతది తీసుకోమన్నాడు. అందులో ఫ్యాన్లుండవు.

"వేడెక్కి ఆగిపోతుంది మామా" అన్నాను.

"దుడ్లు లోపలి సరుకుకు పెడదాం అల్లుడూ. గాలి మనమే విసురుదాం."

ఇంటికొచ్చి డబ్బాకు ఒకవైపు రేకు విప్పేసి, టేబుల్ ఫ్యాను అటు తిప్పాడు. అది మళ్లీ మనుషుల వైపు తిరగలేదు. ఎండాకాలం నేను పోతే చేతికి పాత పేపరు ఇచ్చేవాడు. "అది పని చేస్తాండాది. నువ్వేం చేస్తాండావు?" కంప్యూటర్ విప్పాలంటే నాకు భయం పోయింది ఆ తెరిచిన డబ్బా ముందు కూర్చునే. ఆ రుణం నాకు గుర్తుంది.

మామ పోయిన రోజు నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. ముందుగదిలో చాప మీద మామ. మూలన కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. ఉదయం తను పెట్టిన పెళ్లి వీడియో సగం పైనే తయారైంది. ఆ పెళ్లికూతురు మర్నాడు అత్తగారింటికి పోతోంది. ఆలోపు సీడీ చేతికిస్తానని మామ మాటిచ్చాడు. మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచే. కరెంటు పోతుందేమోనని నేను మామ ముఖం కన్నా బల్బునే ఎక్కువ చూశాను. మామ చూసుంటే మెచ్చుకునేవాడు.

ఉక్కకు ఓర్చుకోలేక ఒక పెద్దాయన ఫ్యాను మీద చెయ్యి వేశాడు. ఏడుస్తున్న అత్త తలెత్తింది.

"తిప్పొద్దు చిన్నాయనా. ఆయన పని ఇంగా కాలే."

ఆయన చెయ్యి తీశాడు. అందరం తువ్వాళ్లతో విసురుకుంటూ కూర్చున్నాం. మామ మెడలోని దండలో ఒక్క పూరేకు కూడా కదలలేదు. తెరిచిన డబ్బాలో మాత్రం తీగలు గాలికి ఊగుతూనే ఉన్నాయి.