మూతిగుడ్డ విప్పిన రోజు

మా అమ్మ గొంతు సంగతి ప్రత్తిపాడు చుట్టుపక్కల ఏ పల్లెలో అడిగినా చెప్పేవాళ్ళు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకోవాలన్నా ఆవిడే, పత్తిచేలో పాట ఎత్తుకోవాలన్నా ఆవిడే. పత్తి తీసే ఆడవాళ్ళు నిలబడే వరసను మునుం అంటారు. మునుం మొనలో ఉన్న మనిషి పాట మొదలెడితే మిగతావాళ్ళు అందుకోవాలి. మా అమ్మ పాడితే రెండు చేల అవతలికి వినిపించేదని చేను ఆసామి కూడా ఒప్పుకునేవాడు. మమ్మల్ని ఊరికే మెచ్చుకునే మనిషి కాదాయన.

ఎనభైల్లో, తెల్లదోమ పత్తిని ఊడ్చుకుపోతున్న కాలంలో, నేను బ్రాడీపేటలో గది తీసుకుని ఎమ్మే తెలుగు చదువుతున్నాను. పత్తిచేల పాటల మీద పరిశోధన వ్యాసం రాయమన్నారు మా ప్రొఫెసరు గారు. పాటల పుట్ట మా ఇంట్లోనే ఉంది, ఇక నాకేం తక్కువని, టేప్ రికార్డరు అరువు తెచ్చుకుని ఎగురుకుంటూ ఊరికి వెళ్ళాను.

చేలో పాట లేదు. ఇరవై మంది ఆడవాళ్ళు మూతులకు గుడ్డలు బిగించుకుని, ఒళ్ళో పత్తి నింపుకుంటూ, వంచిన తల ఎత్తకుండా పోతున్నారు. మందు వాసనకు నా కళ్ళు మండాయి. ఒక మందుకు దోమ చావడం లేదని ఆసామి రెండు మూడు కలిపి కొట్టిస్తున్నాడు. ఘాటు ఎంత ఎక్కువైతే మందు అంత మంచిదని ఊరందరి నమ్మకం. నాకు మాత్రం ఒళ్ళు మండింది పాట లేనందుకు. ఇంత దూరం వస్తే నా చదువు గంగలో కలుపుతావా అని అందరి ముందూ అమ్మ మీద కేకలేశాను. ఇంటికెళ్ళాక పాడతానంది. ఇంట్లో పాడితే అది చేలో పాట ఎలా అవుతుంది, వెనకాల మునుం అందుకోవద్దా అని ఆవిడకే శాస్త్రం చెప్పాను. ఛీ, నా తెలివి తగలెయ్య!

"నిన్న సాయంత్రమే మందు కొట్టారే. నోరు తెరిస్తే లోపలికి పోద్ది. అందుకే పాటలు మానేశాం," అంది అమ్మ.

"ఒక్క పాటకేం కాదులే అమ్మా."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి గుడ్డ ముడి విప్పింది. పురుగులు ఏరుకుతినే పిట్టల్ని పేరుపేరునా పిలిచే పాట అది. పాలపిట్టను పిలిచింది, గోరింకను పిలిచింది, కొంగను పిలిచింది. మిగతావాళ్ళు గుడ్డల వెనక నుంచే వంత పాడారు. ఒక్కో పిట్టను పిలిచాక ఆగి పైకి చూడడం ఆ పాట ఆనవాయితీ. అమ్మ చూసింది, నేనూ చూశాను. ఒక్క పిట్టా లేదు. నాలుగోది పసులపోలిగాడు. వాడి పేరు దగ్గర అమ్మకు దగ్గు తెర వచ్చి కూలబడింది. క్యాసెట్టు తిరుగుతూనే ఉంది. నేను ఆపలేదు.

గదికి వచ్చి ఆ పాటను పదే పదే విన్నాక గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. పాటలో ఉన్న పిట్టలు చేలో లేవు. వాటిని పిలిచే గొంతు కూడా చేలో లేకుండా పోయింది. రెండూ పోయింది ఆ మందు వల్లే. పాట ఎందుకు ఆగిందో ఒక అధ్యాయం రాశాను. ప్రొఫెసరు గారు చదివి, ఇది సాహిత్యం కాదమ్మా, వ్యవసాయం వాళ్ళ పని, తీసెయ్యమన్నారు. వ్యవసాయాధికారికి చూపిస్తే, పాటలతో మాకేం పనమ్మా అని కాగితాలు తిరగేయకుండానే ఇచ్చేశాడు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. నేను ఆ అధ్యాయం తీసేశాను.

ఒక్క పాటతో ఎవరి ఊపిరితిత్తులూ పాడవవని అమ్మను చూసిన డాక్టరు చెప్పాడు. ఏళ్ళ తరబడి పీల్చిన మందుట. నిజమే అయ్యుంటుంది. కానీ ఆ దగ్గు మొదలైంది ఆ రోజే, అప్పుడు ఎదురుగా నిలబడింది నేనే. చర్చిలో కీర్తన ఇంకెవరో ఎత్తుకోవడం మొదలుపెట్టారు. అమ్మ మాత్రం పత్తి తీయడానికి వెళ్తూనే ఉంది. వెళ్ళక ఏం చేస్తుంది?

వ్యాసంలో ఆ పాట రాసినప్పుడు దగ్గు వచ్చిన చోట మూడు చుక్కలు పెట్టాను. ఆ చుక్కలేమిటని మౌఖిక పరీక్షలో అడిగారు. పాట అక్కడ తెగిపోయిందండీ అన్నాను. పాడినావిడ ఎవరని అడిగితే, ఒక కూలి మనిషి అన్నాను. మా అమ్మ అనడానికి నోరు రాలేదు. మంచి మార్కులే వేశారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది.

"నా పాట... వాళ్ళకి... నచ్చిందా?" అంది.

ఆ నాలుగు మాటలు అడగడానికి ఆవిడ రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంది.